ఆ పిల్లికూత క్షయది కాదు

బోదకాలు మాత్ర అంటే వరంగల్ బస్తీల్లో చాలామందికి తెలుసు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, వయసు అడిగి, గుమ్మంలోనే మింగించిన డీఈసీ మాత్ర అది. కాళ్లు వాయకుండా ఇస్తున్నారని తెలిసి వేసుకున్నవాళ్లున్నారు. పక్కింటివాళ్లు వేసుకున్నారని వేసుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అదే మందు ఒక ఊపిరితిత్తుల రోగాన్నీ కుదురుస్తుందని, క్షయ అనే ముద్ర పడ్డవాళ్లను మంచం మీంచి లేపిందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ రోగాన్ని క్షయ నుంచి విడదీసి చూసింది తెలుగు నేల మీది ఒక ఆసుపత్రి. దానికి పనికొచ్చిన మందు పుట్టింది ఒక తెలుగువాడు నడిపిన ప్రయోగశాలలో.

ఈ గాథలోని సంస్థలు, వైద్యులు, సంవత్సరాలు, రోగ లక్షణాలు వాస్తవాలు. రోగి మాత్రం ఒక్క మనిషి కాదు. వైద్యులు ఈ రోగంలో గుర్తించిన లక్షణాలను కలిపి చూపిన మనిషి. అతని మాటలు, కింద వచ్చే రాత్రి దృశ్యం ఊహించి రాసినవి.

రాత్రి రెండు దాటాక

1930ల చివరి రోజులు. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన, పొడిగాలి వీచే చోట, అనేక క్రైస్తవ మిషన్లు కలిసి నడిపే క్షయ శానిటోరియం. దక్షిణాది ఊళ్ల నుంచి రోగులు రైలెక్కి, బండి కట్టించుకుని ఇక్కడికి వస్తారు. క్షయకు అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టలేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. వైద్యమంటే చాలామందికి అంతే.

వరండా వార్డులో ఒక పాతికేళ్ల కుర్రవాడు లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, మెడ ముందుకు చాచి దగ్గుతున్నాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. తెరకూ తెరకూ నడుమ గాలి బయటికి పోలేక సన్నగా కూస్తోంది.

పక్క మంచం మీది పెద్దాయన దుప్పటి తొలగించాడు.

"మళ్లీ మొదలైందా అబ్బీ?"

"పడుకుంటే ఊపిరాడదు పెదనాయినా. కూచుంటే రవంత నయం."

"నెత్తురు పడిందా?"

"లేదు. జిగటగా కొంచెం కఫం, అంతే."

పెద్దాయన కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. ఏడాదిగా ఆ వార్డులో ఉన్న మనిషి. ఎన్ని రకాల దగ్గులు విన్నాడో.

"నీది మా దగ్గు మాదిరి లేదబ్బీ. మేం దగ్గితే లోపల గరగరమంటుంది. నీకు ఈల వేస్తావుంది."

ఆ కుర్రవాడికి ఆ తేడాతో పనిలేదు. ఇంటి దగ్గర డాక్టరు క్షయ అన్నాడు. సాయంత్రం పూట సన్నజ్వరం, నెలనెలా తగ్గే బరువు, ఆగని దగ్గు. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. ఇన్ని చూశాక ఆ రోజుల్లో ఏ డాక్టరైనా అదే మాట అంటాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో కంచం వేరైంది, చెంబు వేరైంది. పుట్టింటికి పంపిన భార్య మళ్లీ వస్తుందో రాదో తెలియదు. క్షయ అంటే ఆ కాలంలో రోగం ఒక్కటే కాదు. మనిషిని బతికుండగానే ఇంటి లెక్కలోంచి తీసేసే ముద్ర.

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. అతనికి ఉన్నది క్షయ కాకపోతే, ఇన్నాళ్లూ క్షయ రోగుల నడుమ పడుకుని వాళ్ల గాలే పీలుస్తున్నాడన్నమాట.

వీపు మీద గొట్టం

పరీక్ష వీపు వైపు నుంచి మొదలవుతుంది. రోగిని ముందుకు వంగి, చేతులు కట్టుకుని కూర్చోమంటారు. అలా కూర్చుంటే భుజపుటెముకలు పక్కకు జరిగి, ఊపిరితిత్తుల మీద చెవికి చోటు దొరుకుతుంది. నోరు తెరిచి నిదానంగా ఊపిరి పీల్చమంటారు. స్టెతస్కోపు పైనుంచి కిందికి దిగుతుంది. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. ఒక పక్క విన్న చోటే రెండో పక్కా వినాలి. తేడా పట్టించేది ఆ పోలికే.

ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి మెత్తగా పలుకుతుంది. పీల్చినప్పుడు శబ్దం స్పష్టంగా, నిడివిగా ఉంటుంది. వదిలినప్పుడు త్వరగా సద్దుమణుగుతుంది. ఈ కుర్రవాడి వీపు మీద లెక్క తలకిందులైంది. వదిలే ఊపిరి సాగిపోతోంది. ఆ సాగే ఊపిరి నిండా సన్నని కూతలు. ఒక్క చోట కాదు, రెండు వైపులా, పైనా కిందా.

మనవాళ్లు పిల్లికూతలనేవి ఇవే. గాలిగొట్టాలు వాచో, బిగుసుకునో ఇరుకైనప్పుడు, ఆ ఇరుకులోంచి దూసుకుపోయే గాలికి గొట్టం గోడలు అదిరి కూత పుడుతుంది. పెద్దవాళ్ల క్షయ ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగాన్ని పట్టుకుంటుంది. అక్కడ దగ్గించి వింటే చిటపటలు వినిపించవచ్చు. పుండు పడి గుల్లయిన చోట ఊపిరి బోలుగా మోగవచ్చు. రెండు వైపులా సమానంగా పిల్లికూతలు పలకడం క్షయ తీరు కాదు.

అయితే ఇది ఉబ్బసమా? ఉబ్బసానికి రోజూ జ్వరమెందుకు? బరువు తగ్గడమెందుకు? ఎక్స్‌రేలో ఆ మచ్చలెందుకు?

చెవి ఒక అనుమానం లేపింది. దాన్ని తేల్చడం చెవికి సాధ్యం కాదు. 1816లో పారిస్‌లోని నెక్కర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి రొమ్ము మీద ఆనించి విన్ననాటి నుంచే వైద్యులకు ఈ సంగతి తెలుసు. తాను విన్న శబ్దాలను ఆయన చనిపోయిన రోగుల ఊపిరితిత్తులతో పోల్చి చూశాడు. ఆ పోలికల మీదే 1819లో పుస్తకం వేశాడు. ఛాతీ శబ్దాల శాస్త్రానికి పునాది వేసిన ఆయన్ని 1826లో, 45 ఏళ్లకే, క్షయ తీసుకుపోయింది.

ఎర్రని కడ్డీలు లేవు

తర్వాతి పని ప్రయోగశాలది. కఫాన్ని గాజుపలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, ఎర్రరంగు పోసి కింద వేడి చేస్తారు. ఆ తర్వాత ఆమ్లంతో కడుగుతారు. మామూలు కణాల ఎరుపు కొట్టుకుపోతుంది. క్షయ క్రిమి మాత్రం మైనపు పొర కప్పుకున్నది, పట్టిన రంగును వదలదు. చివర నీలిరంగు అద్దితే, నీలి నేల మీద ఎర్రని సన్నటి కడ్డీలుగా కనపడుతుంది.

కుర్రవాడి గాజుపలక మీద ఉన్నదంతా నీలమే. ఒకసారి కనపడకపోతే క్షయ లేదనలేం. మళ్లీ చూశారు. మళ్లీ నీలమే.

రెండో గాజుపలక మీద నెత్తుటి చుక్క. తెల్లకణాలను రకాలవారీగా లెక్కపెట్టే పరీక్ష. వాటిలో ఇసినోఫిల్ అనేది ఒక రకం. లోపల రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ నారింజ ఎరుపు రేణువులు. ఒకసారి చూస్తే మరచిపోలేని కణం. ఆరోగ్యవంతుడి నెత్తురులో నూరు తెల్లకణాలు లెక్కపెడితే ఇవి సాధారణంగా నాలుగైదుకు మించవు. ఇలాంటి రోగుల్లో సగానికి పైగా ఇవే ఉండటం కద్దు. ఎటు జరిపినా నారింజ రేణువులే.

ఇది ఒక్క రోగి సంగతైతే వింతగా మిగిలిపోయేది. ఆరోగ్యవరంలో అలాంటివాళ్లు మళ్లీ మళ్లీ తారసపడ్డారు. అందరూ క్షయ అని పంపినవాళ్లే. కఫంలో క్రిమి లేదు, నెత్తురు నిండా ఇసినోఫిల్స్. శానిటోరియాన్ని ఏళ్ల తరబడి నడిపిన డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు ఆర్.ఎం. బార్టన్ ఈ రోగులందరినీ ఒక్కచోట చేర్చి పరిశీలించారు. 1940లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో వ్యాసం రాశారు. ఇది క్షయలా కనపడే, క్షయ కాని స్థితి, దీనితో నెత్తురులో ఇసినోఫిల్స్ పెరుగుతున్నాయి అని లోకానికి చెప్పారు.

క్షయ కోసమే కట్టిన ఆసుపత్రి అది. అక్కడికి వచ్చినవాళ్లలో కొందరికి క్షయ లేదని అక్కడి వైద్యులే రాశారు. ముద్ర వేసి పంపింది తోటి డాక్టర్లు. ఆ ముద్రను తిరిగి పరీక్షకు పెట్టడానికి చదువు ఒక్కటే చాలదు, నిజాయితీ కూడా కావాలి. ఈ గాథలో నా మనసుకు అన్నిటికన్నా పెద్దగా కనపడే ఘట్టం ఇదే.

పాషాణం నుంచి మాత్ర దాకా

1943లో ఆర్.జె. వైన్‌గార్టెన్ అనే వైద్యుడు భారతదేశంలో తాను చూసిన 81 మంది రోగుల గురించి 'లాన్సెట్' పత్రికలో రాసి, ఈ రోగానికి 'ట్రాపికల్ ఇసినోఫీలియా' అని పేరు పెట్టాడు. అదే రాత్రి దగ్గు, అదే పిల్లికూత. పాషాణం (ఆర్సెనిక్) కలిసిన సూదిమందులతో గుణం కనిపించిందని చెప్పాడు. ఆ మందు అప్పట్లో సిఫిలిస్‌కు వాడేది. విషపు మందు, జాగ్రత్తగా ఇవ్వాలి. పైగా రోగానికి మూలం ఏమిటో అప్పటికీ తెలియదు.

ఆ ఏళ్లలోనే అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లే ప్రయోగశాలల పరిశోధన విభాగాన్ని నడుపుతున్నాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో పోయారు. ఆ దెబ్బతో మందుల వెతుకులాటకే జీవితం ఇచ్చిన మనిషి. ఆయన బృందం బోదకాలు పురుగుకు మందు వెతుకుతూ, అలాంటి పురుగులే సోకే కాటన్ ర్యాట్ జాతి ఎలుకలకు ఒక్కో రసాయనం ఇచ్చి చూసింది. డైఇథైల్ కార్బమజీన్ (డీఈసీ) ఇచ్చిన ఎలుకల నెత్తురులో పిల్లపురుగులు మాయమయ్యాయి. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందు హెట్రజాన్ పేరుతో బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ మందు తయారైంది బోదకాలు కోసం. రాత్రి దగ్గుకు అది పనిచేస్తుందని తెలిసింది 1950ల్లో. పాషాణం సూదుల బదులు ఈ మాత్రలు ఇచ్చిన వైద్యులు ఆశ్చర్యపోయారు. దగ్గు రోజుల్లోనే దారికొచ్చింది. వీపు మీద కూతలు అణిగాయి. నెత్తురులో ఇసినోఫిల్స్ దిగివచ్చాయి. బోదకాలు మందుకు లొంగుతున్నదంటే ఈ రోగానికీ ఆ పురుగుకూ చుట్టరికం ఉండి తీరాలి.

1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఆ చుట్టరికాన్ని కళ్లకు చూపించారు. ఇలాంటి రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ముక్కల్లో మైక్రోఫైలేరియాలు, అంటే బోదకాలు పురుగు పిల్లలు కనిపించాయి. నెత్తురులో వెతికితే దొరకనివి ఊపిరితిత్తిలో చిక్కుకుని ఉన్నాయి.

అప్పుడు కథ మొత్తం అర్థమైంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టి పురుగును ఎక్కిస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెట్టి పిల్లల్ని నెత్తురులోకి వదులుతాయి. చాలామంది శరీరం వాటిని ఓర్చుకుంటుంది. కొందరి శరీరం మాత్రం ఓర్వదు. ఊపిరితిత్తుల సన్ననాళాల్లో వాటిని పట్టి చంపుతుంది. ఆ పోరుకు దండులా దిగేవే ఇసినోఫిల్స్. పోరు జరిగిన చోటల్లా వాపు, గాలిగొట్టాల బిగింపు, దగ్గు, కూత. కాలు వాయదు, అందుకే బోదకాలు అని ఎవరికీ తోచదు.

వరంగల్‌లో అదే కూత

వెల్లూరు ఫలితాలు రావడానికి ముందు ఏడాది, 1959లో, వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. దాని అనుబంధ ఆసుపత్రి ఎంజీఎం. చుట్టుపక్కల జిల్లాల దగ్గులన్నీ చేరే చోటు. బోదకాలు ఉన్న ప్రాంతం కాబట్టి ఇలాంటి మాటలు ఇక్కడి ఏ ఛాతీ డాక్టరు గదిలోనైనా వినిపించవచ్చు:

"ఎన్ని దినాల సంది దగ్గుతున్నవ్ పెద్దమ్మా?"

"రెండు నెలలు దాటింది సారు. పగలు మంచిగనే ఉంటది. నడిరాత్రి అయితే చాలు, దమ్ము లేస్తది. పిల్లికూతలు."

"టీబీ పరీక్ష చేసిన్రా?"

"చేసిన్రు. లేదన్నరు. దమ్ము మందు రాసిచ్చిన్రు. వాడితే తగ్గుతది, మానితే మళ్ల షురూ."

ఈ మాటల్లో అన్నిటికన్నా విలువైనది 'నడిరాత్రి'. కూత ఒకటే అయినా అది వచ్చే వేళ మారితే రోగం మారుతుంది. వరంగల్ నూలు ఊరు. 1934లో మొదలైన అజంజాహి మిల్లు మూతపడ్డా, పత్తి జిన్నింగు మిల్లులు ఉన్నాయి, ఏనుమాముల యార్డు ఉంది. పత్తి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు వచ్చే బిస్సినోసిస్ అనే రోగంలోనూ ఛాతీ బిగుస్తుంది, కూతలు వస్తాయి. కానీ అది మొదట్లో వారపు సెలవు తర్వాత పనికి వెళ్లిన తొలిరోజున పట్టుకుంటుంది. గుండె బలహీనపడ్డవాళ్లకు వెల్లకిలా పడుకోగానే ఎగపోస్తుంది, లేచి కూర్చుంటే తెరిపి. ఉబ్బసం కాలం మారినప్పుడో, పొగా ధూళీ తగిలినప్పుడో లేస్తుంది, అదీ రాత్రులే ఎక్కువ. పొయ్యి పొగ, బీడీ పొగ తిన్న ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పాకే సీవోపీడీ ఉంటుంది. అన్నిటిలోనూ పిల్లికూతలే. పేరు మాత్రం ఒక్కోచోట ఒక్కోటి.

ఒకే పక్క, ఒకే చోట కూత వినిపిస్తే అది ఇంకో కథ. ఆడుకుంటున్న పిల్లవాడికి ఉన్నట్టుండి మొదలైతే పల్లీ గింజో, సీతాఫలం గింజో గాలిగొట్టంలో ఇరుక్కుందేమోనని చూడాలి. పెద్దవాళ్లలో అలా ఒకేచోట ఉంటే గడ్డ ఉందేమో వెతకాలి.

మిగతా శబ్దాలకూ ఇలాంటి సూచనలున్నాయి. పీల్చినప్పుడు ముద్దగా గురగుర, చిటపటలు వినిపిస్తే లోపల చీము గానీ నీరు గానీ చేరినట్టు. జ్వరంతో ఒక భాగంలో ఉంటే న్యుమోనియా, రెండు ఊపిరితిత్తుల అడుగున ఉంటే గుండె వైపు చూడాలి. పీల్పు చివర సన్నగా, పొడిగా చిటపటమంటే ఊపిరితిత్తి గట్టిపడుతున్నదేమో చూడాలి. ఊపిరితిత్తి పైపొరలు వాచి ఒకదాన్నొకటి రాసుకుంటే కిర్రుచెప్పుల చప్పుడు వస్తుంది, ఊపిరి తీసినప్పుడల్లా పోటు. పీల్చేటప్పుడు గొంతు దగ్గరే గట్టిగా కూత వస్తే పై గొట్టం మూసుకుపోతోందన్నమాట. అప్పుడు నిమిషాలు కూడా విలువైనవే.

అన్నిటికన్నా భయపడాల్సింది ఏ శబ్దమూ లేకపోవడం. ఒక వైపు ఊపిరి వినపడకపోతే అక్కడ నీరో గాలో చేరి ఊపిరితిత్తిని నొక్కుతుండవచ్చు. ఉబ్బసంతో అల్లాడుతున్న మనిషికి కూతలు ఉన్నట్టుండి ఆగితే, తగ్గిందని ఊపిరి పీల్చుకోవద్దు. గొట్టాలు ఎంత బిగిశాయంటే కూత పుట్టడానికైనా గాలి కదలడం లేదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అడగాల్సిన ప్రశ్న

దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించుకోవాలని జాతీయ క్షయ కార్యక్రమం చెబుతుంది. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అది మానొద్దు. క్షయ లేదని తేలాక కూడా రాత్రి దగ్గు, పిల్లికూతలు పోకుంటే, సన్నజ్వరం ఉంటే, బరువు తగ్గుతుంటే, ఇసినోఫిల్స్ లెక్క చూశారా అని డాక్టరును అడగండి. మామూలు నెత్తుటి పరీక్షే అది. ఘనమిల్లీమీటరుకు మూడు వేలు దాటితే ఈ రోగం మీద అనుమానం గట్టిపడుతుంది. కడుపులో నులిపురుగులున్నా ఆ లెక్క పెరుగుతుంది కాబట్టి తేల్చాల్సింది డాక్టరే. తేలితే వైద్యం సాధారణంగా మూడు వారాల డీఈసీ మాత్రలు. మోతాదు బరువును బట్టి మారుతుంది. వీధిలో పంచినప్పుడు మిగిలిన మాత్రలను సొంతంగా మింగితే పని జరగదు. నిర్లక్ష్యం చేసి ఏళ్లు గడిపితే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. అప్పుడు పోయిన ఊపిరిని ఏ మాత్రా పూర్తిగా తిరిగి ఇవ్వలేదు.

కొందరికి మళ్లీ తిరగబెడుతుంది, మళ్లీ వైద్యం కావాలి. అందుకే ఇంటి ముందు మురికికాలువ, దోమ కూడా ఈ వైద్యంలో భాగమే. బోదకాలు మాత్ర ఇంటికి వచ్చినప్పుడు వద్దనకండి. అది కాళ్లతో పాటు ఊపిరితిత్తులనూ కాపాడే మాత్ర.

ఆరోగ్యవరం వైద్యులకు ఎక్స్‌రే, సూక్ష్మదర్శిని, స్టెతస్కోపు తప్ప పెద్ద సాధనాలేమీ లేవు. విన్న కూతకూ వేసిన ముద్రకూ పొత్తు కుదరలేదని గమనించి, ఆ ముద్రను పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చూశారు. ఈ రోజు సీటీ స్కానులున్నాయి, రెండు గంటల్లో క్షయ తేల్చే యంత్రాలున్నాయి. కానీ మనిషిని ముందుకు వంచి కూర్చోబెట్టి, వీపు మీద రెండు వైపులా నిదానంగా విని, ఈ దగ్గు ఎప్పుడు వస్తుందని అడిగే అయిదు నిమిషాల ఓపికకు బదులుగా ఏ యంత్రమూ రాదు. ఆ అయిదు నిమిషాలు ఇవ్వడం వైద్యుడి ధర్మం. అడిగి తీసుకోవడం రోగి హక్కు.